చైనాకు పోయిన కోకు

ఏంటమ్మా శ్రీరమ్యా, ఆ కాగితం మీద గీతలు? ఏ దేశం ఎంత బొగ్గు కాలుస్తుందోనా! బళ్ళో ఇవి కూడా గీయిస్తున్నారా ఇప్పుడు? ఏదీ, ఆ కళ్ళజోడు ఇలా అందివ్వు. ఇది జపానా, పెద్దగా కదల్లేదే. ఇది మనది. మరి ఈ ఎర్రది, నిచ్చెనేసినట్టు పైకి పోయిందీ... చైనానా. ఆఁ. కోకు బొగ్గేగా? ఇనుం కరగబెట్టేది.

కమ్మరి పిచ్చయ్య నీకు గుర్తుండడులే, అప్పటికి నువ్వు పలక పట్టుకు తిరిగేదానివి. మనిషి సన్నం, చేతులు మాత్రం రోకళ్ళు. కోకు లేందే కొలిమి ముట్టించేవాడు కాదు. "కట్టెబొగ్గుకి వేడి నిలవదండీ" అనేవాడు. మీ నాయనమ్మ కత్తిపీట ఆయన చేసిందే, ఇప్పటికీ దోసకాయ పెడితే... సరే, అదొదిలెయ్. రెండువేల నాలుగులో అనుకుంటా, వానలు పట్టుకుని పత్తిలో కలుపు మోకాలెత్తు లేచింది. నా గుంటక పాస, అదే కలుపు కోసే ఇనపబద్ద, సాగగొట్టమని ఆయనకిచ్చి వారమైంది. టీకొట్టు దగ్గర దొరికాడు. ఏమయ్యా అంటే, "కోకు రావట్లేదండీ. చైనావాళ్ళు మొత్తం లాగేసుకుంటున్నారంట" అన్నాడు. నలుగురూ నా నోటివంకే చూస్తున్నారు. నాకు నోటిదురద. "చైనావాడికి మన ఆడాళ్ళ కోకలెందుకయ్యా, కట్టుకుంటాడా?" అన్నా. టీకొట్టు గొల్లుమంది. పాపం, "కోక కాదండీ, కోకు... నేను అబద్ధం చెప్పట్లేదండీ" అంటూనే ఉన్నాడు. ఎవరు వింటారు? సాయంత్రానికి ఊరంతా పాకింది. వాళ్ళావిడ వెంకటేశ్వరమ్మ బిందెతో పోతుంటే కుర్రాళ్ళు, "పిన్నీ, కోక జాగ్రత్త, చైనావాళ్ళొస్తున్నారు" అన్నారు. ఆమె కొంగు బిగించి పట్టుకుని, తల వంచుకుని పోయింది. నేనక్కడే ఉన్నా. ఒక్కమాటన్నా అదిలించలేదు.

రెండోరోజు పొద్దున్నే ఆయనే పాస తెచ్చి అరుగు మీద పెట్టాడు. తళతళలాడుతోంది. "కోకు దొరికిందన్నమాట" అన్నా, ఇంకా ఎకసెక్కమే. "లేదండీ. పాకని మోసే నిట్రాడ గుంజ పీకి కాల్చాను. ఆ బొగ్గులతో సరిపెట్టా" అని వెళ్ళిపోయాడు. వెళ్ళి చూద్దును గదా, కొలిమి మీద పాక కూలిపోయి ఉంది. ఆ వారంలోనే దాచేపల్లి వైపు సున్నపుబట్టీలో పనికని పోయారు మొగుడూ పెళ్ళాం. రెండేళ్ళకి ఆయన అక్కడే కన్నుమూశాడని తెలిసింది. వెళ్ళలేదమ్మా. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

తెలియక అన్నావులే అంటావా? నీకు చెప్పకూడదుగానీ... ఆ టీకొట్టు మాటకి ముందురోజే నేను దర్శి వెళ్ళొచ్చా. ఇనపకొట్టాయన నాకీ మాటే చెప్పాడు, చైనాలో ఇనుం పని ఎక్కువైంది, కోకు దొరకట్లేదని. పిచ్చయ్య చెప్పేది నిజమని ఆ టీకొట్టులో తెలిసింది నాకొక్కడికే. తెలిసే అన్నా. జనం నవ్వుతారని.

ఆ ఎర్రగీత ఏ సంవత్సరం దగ్గర లేచిందో... వద్దులే, చూడకు. చుట్టేసెయ్ ఆ కాగితం. గేదె అరుస్తోంది, కుడితి పెట్టారో లేదో కనుక్కోపో.