నీలం గిటారు మీద బొటనవేలు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ మెషిను ముందు పద్దెనిమిదేళ్లు నిలబడ్డవాడికి సాయంత్రమయ్యేసరికి కాళ్లుండవు, రెండు కర్రలుంటాయి. ఆ కర్రల్నే ఈడ్చుకుంటూ వెనక గేటు దాటి, ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాడు ఇస్త్రీ బావ. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుందంటారు, చూసినవాళ్లు లేరు. ఒళ్లు ఎంత అలిసినా నోరు మాత్రం అలిసిపోని మనిషి.

ఇంకో పావుగంటలో సూపర్‌వైజరు గేటు దగ్గరికొచ్చి, రెండో షిఫ్టుకు ఎవరుంటారని అడుగుతాడు. మూడు వారాలుగా చెయ్యెత్తుతున్నది ఈయనే. ఇవాళ పొద్దున చెప్పులేసుకుంటుంటే కూతురు వచ్చి, "నాన్నా, సాయంత్రం గిటారుకు తీగలు బిగిస్తున్నాను, నువ్వుండాలి," అంది. ఊ అనలేదు, ఊహూ అనలేదు, వచ్చేశాడు. ఇప్పుడా మాటే తలచుకుంటూ టీ గ్లాసు అందుకున్నాడు.

"ఇంతకీ ఆ గిటారు కిట్టు ఏమైంది బావా?" అన్నాడు పక్కనున్న వ్యాన్ డ్రైవరు, ఆవలించుకుంటూ.

"ఏమవ్వడమేంటి, తయారైపోయి, మోగిపోయి కూడా నెలయింది. ఎలక్ట్రిక్ గిటారంటే మాటలా? అట్టపెట్టె విప్పితే చెక్క ఓ పక్క, మెడ ఓ పక్క, వైర్లు, మరలు, ఎలా చెయ్యాలో రాసిన కాగితం ఒకటి. ఆ కాగితం నేను చదవలేదు. చదివి చేసేదానికి నేనెందుకు? ముందు గరుకు కాగితంతో చెక్కని రుద్దాలి, ఎవరైనా గంట రుద్దుతారు, నేను మూడు ఆదివారాలు రుద్దాను."

"ఆదివారాలు మాతోనే ఉన్నావుగా అల్లుడూ," అన్నాడు బాయిలర్ మామ. బాయిలర్ ముందు కూర్చుని కూర్చుని కళ్లు ఎప్పుడూ సగమే తెరిచే ముసలాయన.

"వచ్చేముందు రుద్దాను మామా, చెప్పనీ. ఎంత నున్నగా వచ్చిందంటే, ఈగ వాలి, కాలు జారి కింద పడింది. దానికి నడుం పట్టేసింది. నేనే లేపి కిటికీ దాకా దిగబెట్టాను."

డ్రైవరు నవ్వబోయి, అంత ఓపిక లేక ఊరుకున్నాడు. ఇస్త్రీ బావకు ఆ మాత్రం చాలు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెడని జిగురు పెట్టి అతికించాలి. రాత్రంతా బిగించి ఉంచమంటారు. నేను ఒంటి చేత్తో అలా పట్టుకున్నాను, అంతే. అతుకు గట్టిదో కాదో చూద్దామని అటో లారీ, ఇటో లారీ కట్టి లాగించాను. లారీలు విడిపోయాయి గానీ అతుకు ఊడలేదు."

"ఎవరి లారీలు బావా?"

"నీకు తెలీనివి."

చెబుతూనే ఉన్నాడు గానీ, లోపల ఆ రోజు కళ్ల ముందు ఆడుతోంది. అప్పుడూ రెండు షిఫ్టులు చేసి ఇంటికెళ్లాడు. పిల్ల గిటారు మెడకి జిగురు రాసి, "కాసేపు గట్టిగా పట్టుకో నాన్నా," అని బిగించే క్లాంపు తేవడానికి లోపలికెళ్లింది. ఆ కాసేపట్లోనే నిలబడి నిద్రపోయాడు. జిగురంటిన బొటనవేలు జారి, చెక్క ముందువైపు నడిమధ్యన ఆనింది. పిల్ల వచ్చి తుడిచింది గానీ, అప్పటికే జిగురు ఇంకిపోయింది. జిగురు తాగిన చెక్క రంగు తాగదు. వారం తర్వాత పిల్ల నీలం రంగు పట్టిస్తే గిటారంతా నీలమైంది, ఆ వేలు పడిన చోటు మాత్రం తెల్లగా మిగిలిపోయింది. పిల్ల దాని వంక చాలాసేపు చూసింది. ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ రోజు నుంచే ఈయన రెండో షిఫ్టుకు అడగక ముందే చెయ్యెత్తుతున్నాడు.

"రంగు సంగతి చెప్పు," అన్నాడు బాయిలర్ మామ, కళ్లు మూసుకునే.

"అక్కడికే వస్తున్నా. అది పైన పూసే పెయింటు కాదు మామా, చెక్కలోకి ఇంకే రంగు. గుడ్డతో ఒక్కసారి తుడిచాను, సీసాడూ తాగేసింది. ఇంకా దాహం తీరలేదు దానికి. పక్కన తీగ మీద ఆరేసిన మా ఆవిడ నీలం చీర ఉందా, దాన్లోంచి లాగేసింది. ఎదురింటివాళ్ల తలుపుకు నీలం రంగుండేది, పొద్దున్నే లేచి చూసుకుంటే తెల్లబోయింది. ఆకాశంలోంచి కూడా లాగుతోందని చూసి, ఎందుకొచ్చిన గొడవని దుప్పటి కప్పేశాను. మొన్న మబ్బు పట్టిందని మీరంతా అనుకున్నారే, అది మబ్బు కాదు."

"మరి నడిమధ్యన తెల్ల మచ్చ ఉందటగా," అంది టీ కొట్టు ఆవిడ, గ్లాసులు కడుగుతూ.

ఇస్త్రీ బావ ఒక్క క్షణం తడబడ్డాడు. "అది మచ్చ కాదు చెల్లెమ్మా, ముద్ర. నాది. దొంగలెత్తుకుపోకుండా కావాలనే వేశాను. ఆ తర్వాత అసలైంది వినండి. తీగలు బిగించి, పై తీగ ఒక్కటి మెల్లిగా మీటాను. ఆ మోతకి మా వీధిలో ప్రతివాడి చొక్కా ఒంటి మీదే ఇస్త్రీ అయిపోయింది. ఇంకోసారి మీటాను. ఇక్కడ మన లాండ్రీలో నాలుగు వందల దుప్పట్లు వాటంతటవే లేచి, మడత పడి, వరసలో కూర్చున్నాయి. ఆ రోజు మనందరికీ పనే లేదు, గుర్తులేదూ?"

"పని లేని రోజా," అన్నాడు డ్రైవరు. "అలాంటిదుంటే మర్చిపోతానా బావా?"

టీ కొట్టు ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. "అన్నయ్యా, నీ చేతులు ఒకసారి చూపించు."

ఆయన ఏం ఆలోచించకుండా చాపాడు. లాండ్రీ చేతులు, పద్దెనిమిదేళ్ల ఆవిరికి ముడతలు పడి, వేళ్ల సందుల్లో కూడా తెల్లగా ఉన్నాయి.

"నీ కూతురు నిన్న నీకోసమని ఇక్కడికొచ్చి టీ తాగి వెళ్లింది. మొన్న ఆఖరి పూత పట్టించిందట, మణికట్టు దాకా నీలమే. ఎన్ని సబ్బులు రుద్దినా వదల్లేదంది. సీసాడు రంగు ఒంటి చేత్తో పట్టించినవాడివి, నీ గోళ్లలో చుక్క కూడా లేదేం?"

డ్రైవరు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. బాయిలర్ మామ కళ్లు పూర్తిగా తెరిచాడు. ఇస్త్రీ బావ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంక కోతలు కోసే ఓపిక లేకపోయింది.

"ఆ మచ్చ ఒక్కటే నేను చేసింది," అన్నాడు. "అదీ నిద్రలో."

"అదీ చెప్పింది. గీకి మళ్లీ రంగేస్తే పోతుందట. నేనే అడిగాను, మరెందుకు వదిలేశావని. ఇంట్లో మా నాన్న కనిపించేది అక్కడొక్కచోటే ఆంటీ, ఉండనీ అంది."

పొయ్యి మీద పాలు పొంగుకొస్తుంటే ఆవిడ అటు వెళ్లి మంట తగ్గించింది.

గేటు కిర్రుమంది. సూపర్‌వైజరు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చి, "రెండో షిఫ్టుకు ఎవరు?" అన్నాడు, ఇస్త్రీ బావ వైపే చూస్తూ. అలవాటైన చెయ్యి సగం దాకా లేచింది. దాని బొటనవేలు కళ్లబడింది. దించేసుకున్నాడు.

"ఇవాళ నావల్ల కాదు సార్. కాళ్లు లాగేస్తున్నాయి."

సూపర్‌వైజరు నమ్మలేనట్టు చూసి, కాగితం మీద ఏదో కొట్టేసుకుని లోపలికెళ్లాడు. ఇస్త్రీ బావ బల్ల పట్టుకుని మెల్లిగా లేచి, చెప్పులు వెతుక్కుని ఇంటి దారి పట్టాడు.

"మరి దుప్పట్లు ఎవరు మడత పెడతారు బావా?" అని వెనక నుంచి డ్రైవరు. "ఆ గిటారన్నా పంపించు."

ఆయన తిరక్కుండానే అన్నాడు, "దానికింకా తీగలే వెయ్యలేదురా."