గురవమ్మ వేలు

గురవమ్మ అని ఒక ముసల్ది. డెబ్బయ్యేళ్ళు ఉంటయ్యనుకో. వయసులో ఉన్నప్పుడు మిరప కల్లాల్లో తొడిమలు తీసే పనికి పొయ్యేది, పని చేస్తా చేస్తా కథలు చెప్పేది. ఎట్టాంటి కథలంటే, కథ సగంలో ఉంటే ఆడోళ్ళు అన్నానికి కూడా లేచేవాళ్ళు కాదంట. కాయల ఘాటుకి ఏడుస్తన్నారో కథకి ఏడుస్తన్నారో ఆసామికి తెలిసేది కాదంట. అదంతా ఎప్పటి మాటో. తర్వాత ఏమైందంటే, ఇంటింటికీ ఫోనొచ్చింది, ఫోన్లోకి ఆటలొచ్చినయ్. ఇంక గురవమ్మ కథ ఎత్తుకుంటే "ఆఁ, చెప్పు పెద్దమ్మా, వింటన్నా" అంటారు, కళ్ళు మాత్రం ఫోన్లో, ఎవణ్ణో తుపాకీతో కాలుస్తా ఉంటారు. కడుపునిండా కథలు పెట్టుకుని ఇట్టానే పోతానేమోనని ఏడ్చిందంట ఆమె. నవ్వబాకండి, నిజంగానే ఏడ్చింది. ఆఖరికి మేకకి చెప్పుకుంది. మేకే నయం, చెవులన్నా ఆడించేది.

అట్టా ఉండంగా గవర్నమెంటోళ్ళు ఒక రూలు పెట్టారంట. జనం ఆటల్లో పడి చెడిపోతన్నారు, పొయ్యి మీద పాలు పొంగిపోతన్నా చూసే దిక్కు లేదు, అందుకని మనిషికి రోజుకి ఒక్క గంటే ఆట అన్నారు. ఫోను మీద వేలిముద్ర వేస్తేనే ఆట తెరుచుకుంటది, గంట కాంగానే మూసుకుంటది, మళ్ళీ రేపే. మంచి రూలే, నేను కాదన్ను. అయితే కింద ఇంకో ముక్క రాశారు. అరవై దాటినోళ్ళు మాత్రం ఎన్నిసార్లయినా వేలు వెయ్యొచ్చు అని. ముసలోళ్ళు ఆడేదా పాడేదా అనుకున్నారు. అంతే, తెల్లారేసరికి ఊళ్ళో ముసలోళ్ళందరికీ దండాలు మొదలైనయ్. పెద్దయ్యా బాగున్నావా, మోకాళ్ళ నొప్పి ఎట్టా ఉంది, ఏదీ, ఆ వేలొకసారి ఇట్టా పెట్టు. తతిమ్మా వాళ్ళు బెల్లమ్ముక్కకీ బీడీకీ వేళ్ళు ఇచ్చేశారు. గురవమ్మ కాడికీ వచ్చారు. ఆమె తన వేలు చూసుకుంది. తొడిమలు తీసీ తీసీ అరిగిపోయిన వేలు. రేషన్ బియ్యం కాడ మూడు నెలల్నించీ ఆ ముద్ర పడట్లేదని వట్టి సంచితో పంపించేస్తన్నారు. అదే వేలు ఆటకి పెడితే టక్కున పడిందంట. బియ్యానికి లేని గీతలు ఆటకి ఎక్కణ్ణించి వచ్చినయ్యో నన్నడగబాకండి.

సరే, గురవమ్మ ఏమందంటే, నాకు బెల్లమూ వద్దు బీడీ వద్దు, గంట ఆడాలంటే ముందు గంటసేపు నా కథ వినాలి, ఫోను ఆ బుట్టలో పెట్టి మరీ వినాలి అంది. ఏందమ్మాయ్ లేస్తన్నావు, కూచో, ఇంకా గంట కాలా. ఆ, ఏడ ఉన్నాం? తిట్టుకుంటానే కూచున్నారంట జనం. మొదటి రోజు నలుగురు, వారం తిరిగేసరికి వసారా చాల్లేదు. గురవమ్మకి మళ్ళీ వయసొచ్చినట్టయింది. మేక అలిగిందనుకో, అది వేరే సంగతి.

ఇక్కడ ఇట్టా ఉంటే, పట్నంలో ఆటల లెక్కలు చూసే ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. ఆయన తీసిన లెక్కలో అందరికంటే ఎక్కువ ఆడేది డెబ్బయ్యేళ్ళ గురవమ్మ అని తేలిందంట. ఎంతా? రోజుకి నలభై గంటలు. రోజుకి ఉండేది ఇరవై నాలుగే గదా అని ఆ ఆఫీసులో ఒక్కడన్నా అడిగితేనా. ఆఫీసరు జీపేసుకుని వచ్చాడు. నిజంగా నువ్వే ఆడతన్నావా, నీ వేలుతో ఇంకెవరన్నా ఆడతన్నారా, అబద్ధమైతే ఈ పూటే నీ వేలు పనికి రాకుండా ఆపించేస్తా అన్నాడు. గురవమ్మ లోపల్లోపలే లెక్కేసుకుంది. వేలు పోతే జనం పోతారు, జనం పోతే మళ్ళీ మేకే.

"ఆడేది నేనే బాబూ" అంది.

ఏం ఆటో చెప్పమన్నాడు. ఆమె కూచోబెట్టి చెప్పింది. ఏడు కోటలుంటయ్, ఒక్కో కోటకీ ఒక్కో రాక్షసుడు, నా మనిషికి మూడు ప్రాణాలు, రెండు పోయినయ్, మూడోది చిలకలో దాచా అంది. ఇదేదో కొత్త ఆటలా ఉందే అని ఆఫీసరు గబగబా రాసుకుంటన్నాడు. మూడో కోట కాడ రాయడం మానేశాడు. అయిదో కోట కాడ పెన్ను జేబులో పెట్టాడు. ఏడో కోట తలుపు కిర్రుమని తెరుచుకుంటంది, లోపల ఎవరో ఏడుస్తన్నారు, అక్కడ గురవమ్మ ఆపింది.

"తర్వాత?" అన్నాడు ఆఫీసరు.

"నీకెన్నేళ్ళు బాబూ?"

"నలభై రెండు."

"అయితే నీ గంటయిపోయింది. రూలు మీదే గదా. రేపు రా."

ఆఫీసరు ఏం చేస్తాడు, కాయితం మీద 'విచారణ జరుగుచున్నది' అని రాసుకుని పోయాడు. మర్నాడు విచారణకొచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఎనిమిది నెలలైంది, ఆ విచారణ ఇంకా తెగలా. అదుగో, వెనకాల స్తంభానికి ఆనుకుని కూచున్న బాబే. తలొంచుకుంటావేంది నాయనా, ఇక్కడ అందరూ మనవాళ్ళే. ఈ మధ్య ఆ రూలు తీసేస్తారని అనుకుంటన్నారు. ఆ మాట విన్నకాణ్ణించి నాకు ముద్ద దిగట్లా. అవును, గురవమ్మంటే నేనే, తెలియనట్టు చూస్తారేంది. బాబూ, నీ విచారణ మాత్రం తొందరగా తేల్చబాక. సరే, గంటయింది. బుట్టలోంచి ఎవరి ఫోను వాళ్ళు తీసుకుని వరసలో రండి, వేలు పెడతా.