ఈరప్ప పంపిన గుడ్డల మూట

హలో… హలో… ఆ, నేనేప్పా, హనుమంతమ్మను. గోరంట్ల పోస్టాఫీసు నుంచి… గట్టిగా మాట్లాడు ఈరప్పా, గరగర అంటాండాది.

… బొంతలా? వాటి సంగతి తర్వాత. ముందు నువ్వు చెప్పు. మాతో బొంతలు కుట్టించను బస్సుకేసి పంపిస్తివే, ఆ పాత గుడ్డల మూట, యాడ కొన్నావు?

… హిందూపురంలోనా? హిందూపురంలో యాడ?

… నా కాడ దాచొద్దు. గుడ్డ పట్టుకొని బతికేటోళ్లం మేము. పాత చీరంటే మెత్తగుంటాది, కొంగు మాసుంటాది. నీ మూటలో చీరలకు గంజి గూడా పోలేదు. కొత్త చీరను ఎవరు పారేస్తారప్పా, ఈ కరువులో?

… మా అదృష్టమా? నీ నోట్లో మన్ను పడ! మేమూ అట్లనే అనుకొంటిమి. కొంగుకు బియ్యం కట్టుంటే ఒడిబియ్యమనుకొంటిమి. ముత్తైదువ చీర, మంచిదని మాతో కుట్టే తిప్పమ్మ కండ్లకు గూడా అద్దుకునె. బిడ్డలు సల్లగుండాలని పసిబిడ్డల బొంతలన్నిటికీ అదే పైపొర ఏస్తిమి…

ఎట్ల తెలిసిందా? నిన్న మా నల్లమ్మ ఇంగో చీర విప్పి గొల్లుమనె. పోయిన నెల హిందూపురంలో వాళ్లమ్మ సచ్చిపోతే, నల్లమ్మ తన చేత్తో కప్పిన చీరప్పా అది! అంచుకు పచ్చదారం తనే కుట్టిండె. ఆ కుట్టు తనకు తెలీదా? ముందు చీర కొంగున ఉండే బియ్యం గూడా సచ్చినోళ్లకు కట్టేవేనని అప్పుడు తెలిసె.

… ఏందీ? ఎట్లైనా ఆడ పారేసేటివే గదా అంటావా? థూ! కప్పిన బట్ట సచ్చినోళ్లతోనే పోవల్ల. శ్మశానంలో దాన్ని ఒలిచి అమ్మేటోడొకడు, కొనేటోడు నువ్వొకడు. మా చేత కుట్టించి పసిబిడ్డలకు కప్పించల్లని చూస్తివి!

… ఉతికితే పోతాదా? ఏం పోతాది? అగరొత్తుల వాసన నా చేతుల్నుంచి పోలేదు. నిన్నటి నుంచి ఈ చేతుల్తో సంగటి గూడా ముట్టలేదు. నా చేతులు చూసుకుంటే నాకే రోత.

… కూలి పెంచుతావా? వద్దు… తెలుసప్పా, తెలుసు. వానల్లేవు, శెనక్కాయ ఎండిపాయె. మా ఆడోళ్లందరి ఇండ్లల్లో పొయ్యి ఎలిగేది ఈ సూదితోనే. నువ్వు చెప్పల్లనా నాకు? పస్తులన్నా ఉంటాం గానీ నీ గుడ్డ ముట్టము.

… మూట తిరిగిచ్చేదా? ఇయ్యను. కుట్టినవీ కుట్టనివీ అన్నీ ఏటికాడ కాల్చేస్తిమి. పో, కేసు పెట్టుకోపో!

… ఎవురికీ చెప్పొద్దా? పోస్టుమాస్టరన్న ఈడనే కూచోని ఇంటాండాడు.

… ఏమంటివి? గుడ్డ గుడ్డేనా? ఎవరి మింద కప్పింటే ఏమా?… నవ్వుతాండావా? ఛీ, నువ్వేం మనిషివప్పా!

… ఉండు, పెట్టేయొద్దు. నీతో అరిసి అరిసి అసలు మాటే మర్చిపోతి. ఇంత దుడ్లు పెట్టి ట్రంకు కాలు చేసింది ఆ మాటకే. శుక్రవారం నువ్వొచ్చి, నీ కూతురు సుబ్బరత్నమ్మ బాలింత, బిడ్డ తొట్లోకి మెత్తగుండల్ల అని ఒక బొంత ఏరి తీసుకపోతివే… ఆ, ఎర్రంచుది…

అదీ ఆ మూటలోదే.

… హలో?… ఈరప్పా?… ఏం, నవ్వు ఆగిపాయెనా? గుడ్డ గుడ్డేనంటివి గదా…

… నా మింద అరిస్తే ఏమొస్తాది? నాకు తెలిసింది నిన్ననే అంటి గదా. తెలిసింటే ఇస్తానా? నీ మింద కోపముంటే పసిబిడ్డ ఏం చేసె? పో, ముందు బిడ్డను దాంట్లోంచి ఎత్తుకో… హలో?… హలో?…

పోస్టుమాస్టరన్నా, ఇంగ కట్ చెయ్యి. ఫోను ఆడనే పారేసి, కూతురి పేరు పెట్టి అరుచుకుంటా ఉరికినాడు.