బడి వెనక తలుపు

తాళాలు బాగుచేసే చిన్న కొట్టు. కొట్టాయన సొరుగులన్నీ బోర్లించి ఏదో వెతుక్కుంటుంటే, పిల్లని చేర్పించే బడి దగ్గర్నుంచి భార్య అప్పుడే వచ్చింది.

"ఏం వెతుకుతున్నారు?"

"ఏం లేదు. నువ్వెళ్ళిన పనేమైంది?"

"కొట్టంతా నేల మీద పోసి ఏం లేదంటారేమిటి?"

"సర్దుతున్నాను లేవే. టీచరేమందో చెప్పు."

"సీటిచ్చింది. సోమవారం నుంచి పంపమంది."

"ఇచ్చిందా? మొన్న నేను వెళ్తే ఖాళీ లేదంది, వచ్చే ఏడాది చూద్దాం అంది. ఇంతలోనే ఖాళీ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"ఎవరో వాళ్ళ పిల్లాణ్ణి మాన్పించేశారట."

"ఎందుకు మాన్పించారు?"

"మనకెందుకండీ ఆ గొడవ. సోమవారం నేను పన్లో చేరాలా వద్దా? ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పనే కావచ్చు, అదైనా నా కోసం కాచుక్కూర్చోదు. రాకపోతే ఇంకొకామెని పెట్టుకుంటామని మొహమ్మీదే చెప్పారు. బుడ్డదాన్ని ఈ కొట్లో వదుల్దామంటే, పోయిన వారం సూట్‌కేసు తాళంచెవి నోట్లో పెట్టుకుని మన ప్రాణాలు తోడేసింది."

"అందుకని ఎక్కడ పడితే అక్కడ పడేస్తామా? మెయిన్ రోడ్డు మీద బడివాళ్ళు అడిగేదాంట్లో ఇది సగం కూడా లేదు. అంత చవగ్గా ఎందుకిస్తుంది?"

"సొంతిల్లు, అద్దె లేదు. వ్యాను లేదు, ఏసీ లేదు. గోడల మీద బొమ్మలు కూడా ఆవిడే వేసుకుంది, ఏనుగేదో ఎలకేదో తెలీకుండా. చవగ్గా రాక ఇంకెలా వస్తుంది? అయినా మీకు చవగ్గా దొరికిందంటే చాలు నిద్రపట్టదు. ఆ గోధుమరంగు చెప్పులు ఇప్పటికీ వేసుకోరు, ఏదో లోపం ఉండే ఉంటుందని."

"ఉంది కాబట్టే వేసుకోలేదు. సరే, తాళాల సంగతేంటి? గేటుకి రెండు, ముందు తలుపుకొకటి, వెనక తలుపుకొకటి. అక్షరాలు దిద్దించే చోట అన్ని తాళాలు దేనికే? నగల కొట్లో కూడా ఇంత భయం చూళ్ళేదు నేను. అడిగితే, పిల్లల కోసమేనండీ అని మాట మార్చేసింది."

"పిల్లల కోసమే అయ్యుంటుంది."

"అదీ చూద్దామనే ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒకతన్ని కదిపాను. గళ్ళ చొక్కా వేసుకున్నాడు. మావాడు ఇక్కడేనండీ, టీచరమ్మ కడుపులో పెట్టుకుని చూస్తుంది, కళ్ళు మూసుకుని చేర్పించండి అని ఒకటే పొగడ్త. మరి మీరు లోపలికి వెళ్ళరా అన్నాను. నేలచూపులు చూశాడు. చేతిలో టీ చల్లారిపోయి మీగడ కట్టింది, తాగడు, కదలడు. నాకప్పుడే అర్థమైపోయింది. ఆవిడ కూలికి పెట్టుకున్న మనిషి వాడు, నాలాంటోళ్ళకి మంచి చెప్పడానికి."

"గళ్ళ చొక్కానా?"

"ఆఁ. ఏం?"

"ఏం లేదు. ఇంకా ఏం చూశారు?"

"ఏం చూస్తాను, గేటు దగ్గర్నుంచే పంపించేస్తే. కాకపోతే పిల్లల్ని పడుకోబెట్టే గదికి కిటికీ చాలదు. చాపలు శుభ్రంగానే ఉన్నాయనుకో, నీలంవి, కానీ గాలాడదు."

"గేటు దగ్గర్నుంచే పంపించేస్తే లోపలి చాపల రంగు మీకెలా తెలిసింది?"

"ఎవరో చెప్పారు."

"ఎవరు?"

"వాడే, గళ్ళ చొక్కావాడు."

"లోపలికే వెళ్ళనివాడు చాపల రంగు చెప్పాడా?"

"నువ్వేంటే, పోలీసులాగా."

"పోలీసుల మాటెత్తకండి. నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటాను, కొట్లోనే."

"షట్టరు దించి ఉందన్నాడు పక్క కొట్టు టైలరు."

"భోంచేద్దామని..."

"అన్నం గిన్నె ముట్టకుండా ఇంటికి తెచ్చారు నిన్న."

"ఆకలేయలేదు."

"ఏవండీ."

"తెరిచానే. వెనక తాళం నేనే తెరిచాను. ఇన్నేళ్ళుగా అందరి తలుపులూ తీసిపెడుతున్నాను, నా పిల్లని పెట్టబోయే తలుపు వెనక ఏముందో చూడకుండా ఎలా పంపను? కొడుతున్నారో, మందుపెట్టి పడుకోబెడుతున్నారో, ఎవడికి తెలుసు?"

"మరి చూశారుగా. కొడుతున్నారా?"

"నిద్రపోతున్నారు పిల్లలు. ఆవిడ మధ్యలో కూర్చుని అట్టముక్కతో విసురుతోంది, ఇటోసారి, అటోసారి. ఒకడు లేచి ఏడుపందుకోబోతే ఒళ్ళో వేసుకుంది. చూస్తే నాకే సిగ్గేసింది. సరే పోదామని వెనక్కి తిరిగేసరికి తలుపు కిర్రుమంది, ఆవిడ కేకేసింది. ఇంక పరుగే పరుగు. ఆ కంగారులో తాళాలు తీసే కొక్కెం ఎక్కడ పారేసుకున్నానో ఏమో, పొద్దుట్నుంచీ వెతుకుతున్నాను."

"మీ మొహం చూసిందా?"

"లేదు. వీపే చూసుంటుంది."

"వీపే చూసింది. నాతోనూ అదే చెప్పింది."

"నీతో చెప్పిందా? నువ్వేమన్నావ్?"

"ఏమంటాను, విన్నాను. తాళాలెందుకో కూడా చెప్పింది. బళ్ళో ఒక పిల్లాడి అమ్మానాన్నా విడిపోయారట. తండ్రి ఎత్తుకుపోతాడేమోనని తల్లికి బెంగ. ఆమె పోరు పడలేక టీచరు ఉన్న తలుపులన్నిటికీ తాళాలు బిగించింది. అతనేమో ఎత్తుకుపోయిందీ లేదు, ఏమీ లేదు. రోజూ ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి, బడి వదిలాక కొడుకుని దూరంనుంచే చూసుకుని వెళ్ళిపోతాడట. నిన్న వెనక తలుపు తెరిచింది అతనే అనుకున్నారు."

"టీ కొట్టు దగ్గరా?"

"గళ్ళ చొక్కా."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"నిన్న సాయంత్రం నుంచి స్టేషన్లోనే. ఇంకా వదల్లేదట. పొద్దున్నే ఆ తల్లి వచ్చి పిల్లాణ్ణి మాన్పించి తీసుకుపోయింది. ఆ సీటే టీచరు మనకిచ్చింది."

"ఇదంతా తెలిసి కూడా, వచ్చీరాగానే సీటిచ్చిందని చెప్పావా నాకు?"

"చెప్పాను. నాకు ఆ పని కావాలండీ. దారంతా అదే అనుకుంటూ వచ్చాను. ఎవరూ చూళ్ళేదు, ఎవరికీ తెలీదు, మనం నోరు మెదపకపోతే సరి. తప్పు చేయనివాణ్ణి ఎన్నాళ్ళని కూర్చోబెడతారు, నేడో రేపో వదిలేస్తారు."

"వదిలేస్తారు. కొడుకుని మాత్రం ఇంక చూడనివ్వరు."

"అది వాళ్ళ ఇంటి గొడవ."

"నిన్నటిదాకా. నేను ఆ తాళం తీశాక కాదు. నన్నెవరైనా అలా వీధవతల నిలబెట్టి బుడ్డదాన్ని చూపిస్తే, నేను బతికుంటానా చెప్పు."

"అలా మాట్లాడకండి."

"నువ్వు కొట్లో కూర్చో. స్టేషనుదాకా వెళ్ళొస్తాను."

"వెళ్తే సీటు పోతుంది. నా పని పోతుంది. దొంగతనంగా తలుపులు తీస్తాడని తెలిశాక ఈ కొట్టు గుమ్మం ఎవరు తొక్కుతారు? మిమ్మల్నే లోపలేస్తే నేనూ పిల్లా ఏమైపోవాలి?"

"నాకూ భయంగానే ఉందే. కానీ అతను నా ముక్కూ మొహం ఎరగడు. అయినా కళ్ళు మూసుకుని చేర్పించండి అన్నాడు. అతను ఒక్కడే నిజం చెప్పాడు, నేనేమో కూలిమనిషి అనుకున్నాను."

"సరే, వెళ్ళి ఏమంటారు?"

"నేనే తీశానంటాను."

"నువ్వతని స్నేహితుడివి, నేరం నీ నెత్తిన వేసుకోడానికి వచ్చావంటారు. ఉత్త మాటలు ఎవరు నమ్ముతారు?"

"నమ్మకపోతే అక్కడే కూర్చుంటాను."

"మీరు కూర్చుంటే నమ్మేస్తారు పాపం. ఆగండి, నా సంచి ఇటివ్వండి. పొద్దున వెనక గది ఊడుస్తుంటే దొరికిందట, పోలీసులకిద్దామని టీచరు బల్ల మీద పెట్టుకుంది. చెయ్యి జారకుండా ఆ ఎర్రదారం చుట్టింది నేనే కదా, చూడగానే మీదేనని తెలిసిపోయింది. ఆవిడ అటు తిరగ్గానే తీసి దాచేశాను. ఇదిగో మీ కొక్కెం."