పల్లీ ముద్దకు నేను వేసిన గడువు

నా పేరు, చిరునామా పైన రాసుకున్నారు. వయసు యాభై ఒకటి. పల్లీ ముద్ద తయారుచేసే ఫ్యాక్టరీలో నాణ్యత విభాగం అధికారిని. ఎవరి బలవంతమూ లేకుండా మేజిస్ట్రేటు గారి ముందు చెబుతున్నాను.

బక్కచిక్కిన పిల్లలకు తిండి పెట్టే కేంద్రానికి మా ముద్ద పొట్లాల్లో వెళుతుంది. పొట్లం మీద ఏడాది గడువు వేయించింది నేనే. వేడి ప్రాంతంలో పండిన పల్లీలను పరీక్షించి వేసిన గడువది. వాటి నూనె త్వరగా పాడవదు. పోయినేడు అక్కడ పంట పోయింది. మేనేజరు చలి ప్రాంతపు పల్లీలు తెప్పించారు. గింజ లావు, పొట్టు ఇట్టే ఊడుతుంది. కానీ నూనె తొందరగా ముక్కిపోతుంది. పరీక్షలో అది నాకు కనబడింది. గడువు సగానికి తగ్గిద్దామన్నాను.

"పల్లీ పల్లీయే కదయ్యా! నువ్వు ఏ ఊళ్ళో పుట్టావని పిల్లలు దాన్ని అడుగుతారా?" అన్నారు మేనేజరు. నేను నవ్వాను. పాత గడువే ముద్రించాం.

ఎండాకాలంలో పిల్లల బరువు పెరగలేదు. పొట్లాలు మాత్రం అయిపోయాయి. కేంద్రంలో పిల్లలకు తినిపించే ఆయా వాటిని అమ్ముకుందని కేసు పెట్టారు. ముద్ద ఎలా ఉందో చెప్పమని పోలీసులు మమ్మల్ని అడిగారు.

ప్రతి తయారీలోంచి కొన్ని పొట్లాలు మా గది బీరువాలో దాస్తాం. ఆ గదిలో ఏసీ ఆగదు. "ఆ బీరువాలో కూర్చోబెడితే నేనూ ముసలిదాన్ని కాను సార్" అంటుంది మా సహాయకురాలు. కేంద్రంలో పొట్లాలుండేది రేకుల కప్పు కింద. ఆ సంగతి తెలిసే బీరువాలోది తీసి చూసి, కమ్మగా ఉందని రాసిచ్చాను.

మర్నాడు ఆయా మా ఆఫీసుకు వచ్చింది. కొంగులోంచి పొట్లం తీసింది.

"ఒక్కసారి నాలిక మీద పెట్టుకోండయ్యా. పిల్లలు ఉమ్మేస్తున్నారు. పారేసిన మాట నిజమే. అమ్ముకునుంటే నా కళ్ళు పోతాయి."

నాలిక మీద పెట్టుకున్నాను. తొట్టి దగ్గరికెళ్ళి ఉమ్మేశాను. పుక్కిలించాను. మళ్ళీ పుక్కిలించాను. తిరిగొచ్చి "బాగానే ఉందమ్మా" అన్నాను. ఆమె నా తడి మీసం చూసింది. ఆ సాయంత్రమే ఆమెను అరెస్టు చేశారు.

అయ్యా, ఒకటి అడుగుతాను, ఇదీ రాయించండి. పిల్లాడు ఎదగకపోతే తినిపించిన చెయ్యే ముందు ఎందుకు కనబడుతుంది? కొన్న చెయ్యి, రుబ్బిన చెయ్యి, గడువు వేసిన నా చెయ్యి ఎవరికీ కనబడలేదే! మాకు గదులున్నాయి, తలుపులున్నాయి. ఆమెకు రేకుల కప్పే ఉంది. అందుకని దొంగ అయిపోయిందా?

ఇలా చెబితే కేసు మీ మీదికే తిరుగుతుంది, తెలుసా అని మేజిస్ట్రేటు గారు అడిగారు.

తెలుసు. ఆమె మీద నుంచి తిరగాలనే వచ్చాను.

రాసింది నాకు చదివి వినిపించారు. తీసేయాల్సిన మాట ఒక్కటీ లేదు, అంతా జరిగిందే.

(సంతకం)