బిస్కెట్ ఫ్యాక్టరీ గేటు ముందు ఆదివారం సభ

నా వయసు నలభై నాలుగు. పేరు, ఇంటి నంబరు పైన రాసుకున్నారు. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు తక్కువ. బిస్కెట్ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు ర్యాపింగ్ మిషను నడిపాను కాబట్టి అందరికీ ర్యాపరక్కనే. ఫ్యాక్టరీ మూతపడి పద్నాలుగు నెలలైంది. ఇప్పుడు ఇంట్లో బట్టలు కుడుతున్నాను. వృత్తి ఏమిటని స్టేషను రైటరు గారు అడిగితే ర్యాపింగ్ ఆపరేటర్ అనే రాయమన్నాను. ఆయన ఒకసారి నా మొహం చూసి, అలాగే రాశారు.

పోయిన గురువారం ఉదయం పది గంటలకు ప్రతిపక్ష పార్టీ కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. ఆదివారం సాయంత్రం ఫ్యాక్టరీ గేటు ముందు వాళ్ల అభ్యర్థి సభ ఉందని, పని పోగొట్టుకున్న ఆడమనిషి ఒకరు మాట్లాడితే బాగుంటుందని అన్నాడు.

"నాకు మైకులో మాట్లాడటం రాదండీ" అన్నాను.

"మీరేం మాట్లాడక్కర్లేదక్కా, మేం రాసిస్తాం, మీరు చదివితే చాలు. మేమొస్తే మొదట తెరిచేది ఈ గేటే" అన్నాడు.

ఒప్పుకున్నాను. ఎవరి బలవంతమూ లేదు. గేటు తెరుస్తామన్న మాట పద్నాలుగు నెలల్లో నాతో అన్నవాడు అతనొక్కడే. ఆ మాట విన్నాక నాకు కుట్టు మీద ధ్యాస నిలవలేదు, ఒక చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టాను.

మా ఆయన గోదాము దగ్గర కాపలా ఉంటాడు. ఆ మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు చెప్పాను.

"నీకెందుకే ఆ గొడవ?" అన్నాడు.

"ఉన్నదేగా చెప్పేది."

"ఉన్నది చెప్పడానికి వాళ్లు రాసివ్వడం ఎందుకు?" అని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆదివారం నాలుగున్నరకు గేటు దగ్గరికి వెళ్లాను. వేదిక నా భుజాలంత ఎత్తు ఉంది. వెనక వైపు రెయిలింగు లేదు. మా మేస్త్రి గారు ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. నాకు మిషను నేర్పింది ఆయనే. నన్ను చూసి, "అమ్మాయ్, నీళ్లు తాగి ఎక్కు, గొంతు ఎండిపోద్ది" అన్నారు. నీళ్ల సీసా ఆయనే ఇచ్చారు.

రోడ్డుకు అవతల పాలక పార్టీ వాళ్లు పాతికమంది జెండాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ముగ్గురు కానిస్టేబుళ్లు కూడా ఉన్నారు.

ఐదుంబావుకు నన్ను పిలిచారు. కాగితం రెండు పేజీలు. మొదటి పేజీ చదివాను. లక్ష ఉద్యోగాలన్నారు, మా వీధిలో ఒక్కటి చూపించండి అని ఉంది. కరెంటు రేటు రెండుసార్లు పెంచి మా ఫ్యాక్టరీ పొయ్యిలు ఆర్పారని ఉంది. మూడు నెలలు కంప్యూటరు నేర్పి, సర్టిఫికెట్ ఇచ్చి, మంత్రి గారి పక్కన ఫోటో తీసి ఇంటికి పంపారని ఉంది. అది నా సంగతే. ఆ సర్టిఫికెట్ నా దగ్గరుంది. అవన్నీ నిజం. గట్టిగానే చదివాను. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది, అయినా చదివాను.

రెండో పేజీ మొదటి వాక్యం ఇది: "మా పాత ప్రభుత్వంలో ఈ ఫ్యాక్టరీలో ప్రతి కార్మికుడికీ పర్మనెంటు ఉద్యోగం ఉండేది."

అక్కడ ఆగిపోయాను. ఆరేళ్ల కిందట, వీళ్ల ప్రభుత్వంలోనే, కంపెనీలకు వెసులుబాటు అంటూ రూలు మార్చారు. మర్నాడే కంపెనీ రెండో షిఫ్టు మొత్తాన్ని కాంట్రాక్టు కిందికి మార్చింది. ఒప్పుకోని అరవైమందిని గేటు బయట నిలబెట్టింది. మా ఆయన ఆ అరవైలో ఒకడు. ఆ రోజు నేను లోపల మిషను దగ్గర ఉన్నాను. బయటికి రాలేదు. వస్తే నాదీ పోతుందని రాలేదు. మా ఆయన ఈ మాట నన్ను ఇంతవరకూ అడగలేదు.

కార్యదర్శి పక్కనుంచి "చదవండక్కా, చదవండి" అన్నాడు. నేను కాగితం మడిచి మైకులో ఇలా అన్నాను: "ఇది చదవలేనండీ. మా ఆయన పని తీసింది మీ రూలు. నా పని తీసింది వాళ్ల కరెంటు. మీరు వాళ్లని తిడతారు, వాళ్లు మిమ్మల్ని తిడతారు. ఈ గేటు ఎప్పుడు తీస్తారో తేదీ చెప్పండి, నేనే వచ్చి మీ ఇద్దరి కాగితాలూ చదువుతాను."

మైకు కట్ చేశారు. చివరి మాట వినబడిందో లేదో తెలియదు.

రోడ్డు అవతలివాళ్లకు మాత్రం మొదటి మాట బాగానే వినబడింది. ఈలలు వేసుకుంటూ పదిమంది దాకా వేదిక ఎక్కారు. ఇవతలివాళ్లు అడ్డుపడ్డారు. తోపులాట మొదలైంది. పాలక పార్టీ వార్డు నాయకుడు తన జెండా కర్ర నా చేతుల్లో పెట్టి, "పట్టుకోండమ్మా, ఒక్క ఫోటో" అన్నాడు. ఫోటో తీసేవాడు ఎదురుగా నిలబడ్డాడు. అప్పుడే మేస్త్రి గారు మెట్లెక్కి వచ్చి, "అమ్మాయ్, దిగిపోదాం పద" అని నా వెనక నిలబడ్డారట. నేను చూడలేదు. మాట మాత్రం విన్నాను.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కర్రను రెండు చేతులతో పట్టుకుని, చూడకుండా వెనక్కి ఒక్క తోపు తోశాను. అది మేస్త్రి గారి ఛాతీకి తగిలింది. ఆయన వేదిక వెనక్కి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. అప్పుడు టైము ఐదూ ముప్పై అయిదు.

ఆసుపత్రి వరండాలో ఆ రాత్రే కార్యదర్శి నా పక్కన కూర్చున్నాడు. "వాళ్లే తోశారని చెప్పండక్కా. ఫ్యాక్టరీ తెరిస్తే లిస్టులో మొదటి పేరు మీదే" అన్నాడు. నిన్న పొద్దున వార్డు నాయకుడు మా ఇంటికొచ్చాడు. "వాళ్లే తోశారని చెప్పమ్మా. శిక్షణ కేంద్రంలో ఆయా పోస్టు ఖాళీగా ఉంది" అన్నాడు. "వాళ్లే తోశారు" అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. అక్షరం తేడా లేదు. పద్నాలుగు నెలల్లో నాకు వచ్చిన ఉద్యోగాలు ఆ రెండే.

నిన్న సాయంత్రం మేస్త్రి గారి మంచం దగ్గరికి వెళ్లి, కర్ర తోసింది నేనని చెప్పాను. "తెలుసు. నా ఎదురుగా ఉన్నది నీ జడేగా" అన్నారాయన. తర్వాత, "పోలీసులకు కాలు జారిందని చెబుతాను" అన్నారు. వద్దన్నాను. ఆయన కోడలు నాతో మాట్లాడలేదు. ఆమె తప్పు లేదు.

ఈ రోజు స్టేషనుకు మా ఆయన నాతో వచ్చాడు. కాపలా పని ఒక పూట మానుకుని వచ్చాడు. బయట బల్ల మీద కూర్చున్నాడు. ఆరేళ్ల కిందటి రోజు లోపలే ఉండిపోయానని దారిలో అతనికి చెప్పాను. "ఇప్పుడెందుకే అది" అన్నాడు గాని, నా చేతిలోని సంచీ తను తీసుకున్నాడు.

మేస్త్రి గారి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆయనకు తగలాలని తోయలేదు. ఏ పార్టీ వాళ్లూ ఆయన మీద చెయ్యి వేయలేదు.

నేను చెప్పినదంతా జరిగినట్టే చెప్పాను. నాతో ఎవరూ బలవంతంగా చెప్పించలేదు. రాసినది రైటరు గారు నాకు చదివి వినిపించారు. ఒక చోట "తోశారు" అని పడింది. "తోశాను" అని దిద్దించి, ఆ దిద్దుబాటు పక్కన ఒకటి, కింద ఒకటి, రెండు సంతకాలు చేస్తున్నాను.

(సంతకం)
ర్యాపింగ్ ఆపరేటర్
మంగళవారం, ఉదయం 11.40