తాంబేళ్ల కుంపటి

హలో… ఆ, నేనే మేడం, కృష్ణమ్మను. దేవరకొండ ఫారెస్టు షెడ్డు కృష్ణమ్మను…

ఆ, ఆరుసార్లు చేసిన. పొద్దుగాల పశువుల దవాఖానల మీకు తీరిక ఉండదని ఎరుకే. ఆగబుద్ధి కాలే…

లే, ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం. తాంబేళ్లు, మేడం… మన సుక్కల తాంబేళ్లు లేస్తలేవు.

…అన్నీ. పదకొండుకు పదకొండు.

సలికి కాదు. లోపట సలి లేదు. మీరు గోడకు తగిలేసిపోయిన మీటరు చూసినంకనే మీకు ఫోన్ కొట్టిన… ముప్పై. తలుపు తీయంగనే సరింగ ముప్పై చూపిచ్చింది. మీరు కాయితం మీద రాసిచ్చినంతనే.

ఎచ్చదనానికి పెట్టిన ఎర్ర బల్బు ఎట్ల ఎలుగుతది, కరెంటే లేదాయె. నిన్న మాపటీలి సంది లేదు. యాడనో తీగ తెగిందట…

మరి ముప్పై ఎట్లున్నదంటే…

కుంపటి పెట్టిన మేడం. బొగ్గుల కుంపటి.

ఆ… లోపటనే.

ఆ… తలుపేసి.

గాలి బొక్కలా… కుక్కి ఉన్నయి. గుడ్డలు కుక్కి ఉన్నయి…

ఎవరు పెట్టిండ్రంటే…

నేనే పెట్టిన. ఇంకెవరు పెడతరు, షెడ్డు నాదాయె… తెలిసి తెలిసి అట్ల ఎందుకు చేసినవంటే ఏం చెప్పాలె. చేసిన, అంతే. అది తర్వాత తిట్టుండ్రి. ముందు వీటికి ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి.

ఎప్పుడో తీసిన. తలుపు బార్ల తెరిచి, అన్నిటిని బయట బండ మీద గోనెసంచులు పరిచి పెట్టిన. ఎండ ఇప్పుడిప్పుడే పడతాంది…

తలలా? బయటికే ఉన్నయి. గదే మేడం నా భయం. ఎప్పుడన్న చెయ్యి దగ్గరికి పోతే సర్రున లోపటికి గుంజుకుంటయి గద. మూడేండ్ల సంది తోటకూర తిన్న ఇశ్వాసం లేదు, నన్ను చూసి గూడ దాసుకుంటరా అని తిట్టేదాన్ని. ఇయ్యాల మెడ పట్టుకున్నా గుంజుకుంటలేవు.

…మెత్తగున్నది. తడి బట్ట పట్టుకున్నట్టున్నది.

ఆగుండ్రి, ఫోను బండ మీద పెట్టి స్పీకరేస్త… ఆ, ఇనొస్తాంది. చెప్పుండ్రి.

ముంగటి కాళ్లు రెండు… బయటికి గుంజాలె… మల్ల లోపటికి నూకాలె… మెల్లగ. ఊపిరి ఆడిచ్చినట్టు… తెలిసింది.

ముందు దేన్ని పట్టాలె… చిన్నదాన్ని. ఆరో నెంబరు. మీరు గోళ్ల రంగుతోని ఏసిన అంకె ఇంక పోలే మేడం, నిగనిగ మెరుస్తాంది.

ఇగ గుంజుతున్న… ఇగ నూకుతున్న…

ఆ, చేస్తనే ఉన్న.

ఎంతసేపు చెయ్యాలె… గంటనా. ఒక్కదానికే గంటనా మేడం. పదకొండున్నయి. నాకున్నయి రెండు చేతులు.

…ఎవరున్నరు ఈడ. వాచరు మల్లేష్‌ను ఉరికిచ్చిన, ఊళ్లె ఎవరన్న డాక్టరున్నడేమో చూడుమని. మనుషుల డాక్టరైనా సరే అన్న. ఆడు పోయి అర్ధగంటైతాంది.

ఇగ గుంజుతున్న… ఇగ నూకుతున్న…

మేడం, ఒకటి అడుగుత. మంట లేదు, బొగ్గులు తెల్లగ బూడిదైనయి. పొగ గూడ కనవడలే. తలుపు తీస్తే వాసన రాలే, ఎల్లిగడ్డ పొట్టు వాసన తప్ప. మరి ఎట్ల…

వాసన లేకుంటనే పాణం తీస్తదా? బొగ్గులు గట్ల చేస్తయా…

ఎల్లిగడ్డ పొట్టు… ఆ… ఓమ గూడ ఏసి ఉన్నది కుంపట్ల.

మేడం… అడగకుండ్రి.

…మీతోని దాస్తే నా నోట్ల మన్నువడ. నేను రాత్రి ఈడ లేను. మా అన్న గోడ మీదికెల్లి పడి కాలు ఇరిగిందంటే నిన్న పగటీలి రామన్నపేటకు పోయిన. పొద్దున బస్సు దిగొచ్చిన. రాత్రి ఈడ ఉన్నది ఈదమ్మ… ఆ, మా అత్త. మీరొస్తే మక్కగటుక పోసేది, గామెనే.

అయ్యో, ఆమెను ఏమనకుండ్రి. ఊళ్లె సగం మంది పుట్టంగనే ఆమె చేతుల్ల పడ్డోళ్లే. ఒక్క బాలింతను పోగొట్టుకోలేదు, ఒక్క పసిపోరన్ని పోగొట్టుకోలేదు. గా చేతులు మేడం అవి.

నేనే చెప్పిపోయిన. అత్తా, సలి బాగున్నది, కరెంటు పోయిందంటే ఇవి బతకయి, బాలింత అర్ర లెక్క ఎచ్చగ ఉంచు అన్న. ఆమెకు ఎరుకున్న పనాయె. సందుల్ల గాలి సోకుతదని పాత చీరె చింపి కుక్కింది. కుంపటి పెట్టింది. పొట్టు, ఓమ ఏసింది. ఒక్కటి తక్కువ చెయ్యలే. తను మాత్రం తలుపు అవుతల గొంగడి కప్పుకొని సలికి ముడుచుకొని పండింది.

…గదే నేను గూడ అనుకుంటున్న. బాలింత అర్రల పెంకుల సందుల్లకెల్లి పోతది పొగ. ఇది మనం కట్టిన షెడ్డు. చుట్టూత తెల్ల థర్మాకోల్ అట్టలు కొట్టినం, మీద ప్లాస్టిక్ కప్పినం, చీమ దూరే సందు ఉంచలే. బొక్కలు రెండే. మీరే అంటిరి గద మేడం, కృష్ణమ్మా, ఇంత మంచిగ హైదరాబాదుల గూడ కట్టరు అని.

మిమ్మల్ని అంటలేను. అయ్యో, మిమ్మల్ని ఎందుకంట.

ఇగ గుంజుతున్న…

బొక్కలు మూయొద్దని మీరు నాకు చెప్పిండ్రు. పెద్దక్షరాల్ల రాసి తలుపు మీద అంటువెట్టిండ్రు గూడ. ఇంక ఉన్నది ఆడనే. ఆమెకు సదువు రాదు మేడం. ఎచ్చగ ఉంచుమని చెప్పిన గని, బొక్కల ముచ్చట చెప్పలే నేను. బస్సు హారన్ కొడుతుండె. ఒక్క మాట. నోట్లెకెల్లి రానే రాలే.

ఆగుండ్రి…

మేడం, కాలు కదిలింది. ఎనక కాలు, ఆరో నెంబరుది. జర లోపటికి గుంజుకున్నది. నా కండ్లతోని చూసిన…

ఆ, ఇడిసిపెడుతున్న. చూస్తున్న…

చూస్తున్న మేడం…

లే. మల్ల కదుల్తలేదు.

కంటి మీద ఊదాల్నా… ఊదిన. రెప్ప ఏస్తలేదు.

…అంటే అది పాణం కాదా? నేను గుంజిన గుంజుడుకే నరం లాక్కున్నదా… ఓ.

సరే. సరే మేడం. చెయ్యమంటే చేస్త. ఇంకోదాన్ని పట్టుకుంట. రెండో నెంబరు… దీనికి నోట్లకెల్లి నీరు కారుతాంది. దీని కండ్లు లోపటికి పోయినయి…

పక్కన పెట్టాల్నా.

నాలుగోది గూడ గట్లనే ఉన్నది. తొమ్మిదోది గూడ. పెద్దది, పదకొండోది, ఎండకు పెట్టినా సల్లవడుతనే ఉన్నది. సంచిల మూట కట్టి బస్టాండుల దొరికిన్నాడు గూడ ఇవి గిట్ల లేవు మేడం. గా దొంగలోని సంచిల ఊపిరాడక నోళ్లు తెరిచినయి గని, బతికినయి. మనింటికొచ్చి సచ్చినయి.

…శివరాత్రి దాటినంక అడివిల ఇడుస్తమని కాయితం వచ్చింది, మీకు చెప్పిండ్రా? పోయిన సోమవారమే. మా రేంజరు అమరేందర్ సారే నాకు చదివి ఇనిపిచ్చిండు. డిండి అవుతల గడ్డిల ఇడుద్దాం, కృష్ణమ్మా, నువ్వు గూడ జీపుల రా అన్నడు. ఈదమ్మ గూడ వస్తనన్నది. పురుడు పోసినంక పిల్లను తల్లిగారింటికెల్లి సాగనంపినట్టు ఉంటది అన్నది.

ఏడుస్తలేను. చేతులు ఆపలే. గుంజుతనే ఉన్న.

మీరు వస్తరా… పాలమూరు నుంచి ఎంత లేదన్న మూడు గంటలైతది. వచ్చి ఏం చేస్తరు మేడం. కోసి చూడనీకి అక్కరకొస్తరు… చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు. సరే, రాండ్రి. మీరుంటే నాకు జర ధైర్యం.

సార్ పది గంటలకు వస్తనన్నడు. ఆయనకు తాంబేళ్లకు పాణం బాగలేదని మాత్రమే చెప్పిన…

మేడం, ఒక్క మాట. మీరు కాయితం రాస్తరు గద. పొగకు సచ్చినయని రాయుండ్రి. ఉన్నదే రాయుండ్రి, నేను వద్దన. కుంపటి ఎవరు పెట్టిండ్రు అన్నకాడ నా పేరు రాయుండ్రి.

…అబద్ధం ఎట్లయితది? ఎచ్చగ ఉంచుమన్న నోరు నాది. బొక్కలు మూయకుమని చెప్పనిది గీ నోరే.

నౌకరి పోతే పోనీ. ఆమెకు డెబ్బై ఏండ్లు దాటినయి. గీ ఊళ్లె ఆమె తలెత్తుకొని తిరిగేది గా ఒక్క మాట మీదనే, ఈదమ్మ చేతుల పోయింది లేదు అని.

లే, ఆమెకు ఇంక తెల్వదు. పొద్దున నేను బస్సు దిగి వస్తుంటే తొవ్వల ఎదురొచ్చింది. రాత్రంత ఎచ్చగ పండుకున్నయి బిడ్డా, ఒక్కటి కిక్కురుమనలే అన్నది. తాంబేలు ఎన్నడు కిక్కురుమన్నది గనుక. నాకు నవ్వొచ్చింది మేడం. నవ్వుకుంట వచ్చి తలుపు తీసిన.

అప్పటి సంది ఇంటికాడనే ఉన్నది. ఏం చెప్పాల్నో నాకు…

ఆగుండ్రి.

…వస్తాంది మేడం. గట్టు దిగి వస్తాంది. చేతుల ఏందో పట్టుకొని… పొగ లేస్తాంది.

నిప్పులు. మల్ల నిప్పులు తెస్తాంది మేడం. సలి ఇంక పోలేదని.

…నేనే చెప్త. ఇంకెవరన్న చెప్తే ఆమె తట్టుకోదు. మీరే కట్ చేయుండ్రి మేడం, నా చేతులు ఖాళీ లేవు…

అత్తా, మెల్లగ రా. గా రాయి చూసుకో…

లోపటికి తీస్కపోకు… తలుపు నేనే తెరిచిన…

ఏం లే, ఎండకు పెట్టిన… చెప్త. ముందు గా కుంపటి దించు. గీడనే, నా పక్కకు…

కూసో.

వాటికి ఇగ అవసరం లేదత్తా. నీ చేతులు కాపుకో.